మూషికములకు మునగాకు నేయి

హేమంతము నిండారఁ గొలువుదీరిన యొకానొక ప్రాతఃకాలమున గోదావరీజలములపైనుండి లేచిన మంచు గట్టును వీధులను మేడలను నొక్కటిగాఁ గప్పివేయ, పాలవారి సైకిలు గంటలు వినఁబడుటయే గాని వారి రూపములు గానరాక, ఇంటింట గిన్నెలలోని నేయి తెల్లఁగాఁ బేరి గరిఁటెకు లొంగక యుండఁగా, రాజమహేంద్రవరమందలి యాహారపరిశోధనాలయపు మూషికశాలలో మాత్రము విద్యుద్దీపముల వెచ్చఁదనమున ధవళమూషికములు చలి యనునది యెఱుఁగక యొకదానిపై నొకటి పడి సుఖనిద్ర పోవుచుండెను. మనుష్యులకు లేని భోగములు వానికిఁ గలవు.

వానిని సాఁకునది హైమవతి. రసాయనశాస్త్రమునఁ బట్టము గొన్న విదుషీమణి. ఆమె కొన్ని యెలుకలకు వట్టి ధాన్యపుఁబిండియుఁ గొన్నింటికి వనస్పతి దండిగాఁ గలిపిన పిండియుఁ గొన్నింటికి నంతియ నేయి కలిపిన పిండియు నుండలు చేసి పెట్టుచు, ఏ క్రొవ్వు తిన్న యెలుక యెట్లు బలియునో దేని నెత్తుటఁ జక్కెర హెచ్చునో దేని కాలేయము క్రొవ్వుపట్టునో యని పరీక్షించుచుండెను. వనస్పతి తిన్నవి గుమ్మడికాయలవలె నుబ్బి కదలలేక పడియుండెను. నేయి తిన్నవి మాత్రము శాస్త్రగ్రంథములన్నింటిని వెక్కిరించుచున్నట్లు సన్నగా చుఱుకుగా నూచలపై నెగఁబ్రాఁకుచుండెను. నేయి నిర్దోషియని పండితసభలోఁ జాటు దినము సమీపించుటచే హైమవతి కాళ్లు నేల నిలువకుండెను.

ఆ సంతోషమునకుఁ బేరు ప్రతిష్ఠలకంటె దగ్గఱి కారణ మొకటి గలదు. ఆమె యత్తగారు వీరరాఘవమ్మ నేయి లేనిదే ముద్ద యెత్తనిది. అట్టి యామెకుఁ గాలేయమునఁ గ్రొవ్వు చేరినదని వైద్యుఁడు నేయి మానిపించి యేఁడాది దాఁటినది. దానిపై వింత యేమనఁగా, అంగడినేతిని నమ్మని హైమవతి యెలుకలకు వలయు నేతిని వెన్న తెప్పించి యత్తగారిచేతనే కాఁచించుచుండెను! కాఁచునది యామె, కమ్మని వాసన పీల్చి నిట్టూర్చునది యామె, తినునవి యెలుకలు.

“వాటికున్న యోగం నాకు లేకపోయిందే హైమా! ఏ జన్మలో ఏం పుణ్యం చేసుకున్నాయో!” అని యామె వాపోవ, “కాస్త ఓపిక పట్టండి అత్తయ్యగారూ. సభ అయిపోనివ్వండి. డాక్టరుగారిని ఒప్పించి మీ కంచంలో నెయ్యి నేనే వడ్డిస్తాను” అని కోడలు మాట యిచ్చెను. నాఁటినుండి వీరరాఘవమ్మ సభ యెప్పుడని యడుగని పూఁట లేదు.

సభకు ముందునాఁడు వీరరాఘవమ్మ కొవ్వూరిలోని చెల్లెలిని జూడఁబోయెను. మూషికశాలలో నేయి నిండుకొనెను. కావున హైమవతియే యింటఁ బొయ్యి వెలిగించి వెన్న గిన్నెను బెట్టి, రేపటి సభలోఁ బలుకవలసిన పలుకులను నెమరు వేసికొనుచు నిలువఁబడెను. వెన్న కరఁగెను, నురుగు పొంగి యడఁగెను, నేయి బంగారువన్నెకుఁ దిరిగెను. అంతట నామె కుడిచేయి యామె నడుగకయే పెరటి ద్వారము దాఁటి మునగరెమ్మ నొకదానిఁ ద్రుంచి యాకు దూసి నేతిలో విడిచెను. చిటచిట మ్రోఁతతోఁ గమ్మని పరిమళ మిల్లెల్ల నిండెను. హైమవతి చేతిలోని గరిఁటె చేతిలోనే నిలిచెను.

అయ్యయ్యో! ఇన్ని నాళ్లును ఎలుకలు తిన్నది నేయి మాత్రమే కాదు! పుట్టింట నమ్మ వేయఁగాఁ జూచెను, అత్తింట నత్తగారు వేయఁగాఁ జూచెను, తానును వేసెను. వెన్న యే పశువుదో, యెంత వేఁడిమిపైఁ గాఁచిరో సమస్తమును విచారించిన యా విదుషికి మునగాకు మాట తోఁపనే లేదు. తోఁచుట యెట్లు? పప్పు వండితినని చెప్పు నిల్లాలు అందులో నుప్పు వేసితినని చెప్పునా? ఆకు వడఁబోఁతలోఁ బోయినను దాని సారము నేతిలో దిగును గదా. ఎలుకలను గాచినది నేయియో మునగాకో యిఁక నెవ్వరు చెప్పఁగలరు?

ఈ సంగతి తా నొక్కతె యెఱుఁగును. నోరు మెదపకున్న రేపు సభలోఁ గరతాళధ్వనులు, ఎల్లుండి యత్తగారి కంచమున నేయి. ఆ దుర్బుద్ధి యామె మనసున దూఱలేదని చెప్పిన మేము బొంకినవార మగుదుము. దూఱెను, కొంత తడవు పీఁట వేసికొని కూర్చుండెను గూడ. కాని యా నేయి నమ్మి తినఁబోవునది తన యత్తగారే యని తలఁపు రాఁగా దుర్బుద్ధి పీఁట విడిచి లేచిపోయెను.

సాయంకాలము వీరరాఘవమ్మ గడపలో నడుగిడీ యిడకముందే కోడలడిగెను.

“అత్తయ్యగారూ, ఎలుకల నెయ్యిలో కూడా మునగాకు వేసేవారా?”

“వెయ్యకేం? మునగాకు వెయ్యకుండా నెయ్యి కాస్తారుటే ఎక్కడైనా? ఎలుకలైతే మాత్రం వాటికి ముక్కుల్లేవూ?”

హైమవతి నవ్వును నేడ్పును గలిసిన మొగముతో సంగతి యంతయుఁ దెలిపి, “రేపు సభలో ఉన్నమాట చెప్పేస్తానండి. మీ నెయ్యి మళ్ళీ వెనక్కి పోయినట్టే” అనెను. వీరరాఘవమ్మ మొగము చిన్నవోయెను. ఆమె కొంగుతో మొగము తుడిచికొని, “పోతే పోయింది. దొంగనెయ్యి నాకు అరుగుతుందిటే?” అని లోపలికిఁ బోయెను.

మఱునాఁడు సభలో హైమవతి లేచి జరిగినది జరిగినట్లు విన్నవించెను. కొందఱు కిసుక్కున నవ్విరి. పరిశోధనాలయాధ్యక్షుఁడు పల్లంరాజుగారు కనుబొమలు ముడిచి, “ఇంట్లో నిత్యం చూసేదే కదమ్మా, ఆ మాత్రం తట్టలేదా?” అని గద్దించెను.

“తట్టలేదండి. తమరింట్లో వెయ్యరాండి?”

ఆయన లేదనుటకు నోరు దెఱచి, తన యింటి నేయి తలఁపునకు రాఁగాఁ బకపక నవ్వెను. “వేస్తారమ్మా, వేస్తారు! నీ పద్ధతంతా చదివి సరేనన్నవాణ్ణి, నాకూ తట్టలేదు. మళ్ళీ మొదలుపెట్టు.” ఆ మాటతో సభ యెల్ల నవ్వెను. హైమవతియు నవ్వెను.

క్రొత్త యెలుకలు వచ్చెను. కొన్నింటికి మునుపటివలె వట్టి ధాన్యపుఁబిండి, కొన్నింటికి వట్టి నేయి దండిగా, కొన్నింటికి మునగాకు నేయి దండిగా, కొన్నింటికి వట్టి నేయియే మితముగాఁ బెట్టుటకు నిశ్చయమయ్యెను. వట్టి నేయి కాఁచునప్పుడు వీరరాఘవమ్మ పడిన యవస్థ చెప్పఁదరము గాదు. చేయి పెరటివైపు పోకుండ రెండవ చేతితోఁ బట్టుకొని, “ఈ చప్పిడి నెయ్యి పెట్టి ఆ మూగజీవాల ఉసురు పోసుకోకే తల్లీ!” అని మొఱవెట్టుకొనెను.

శీతకాలము గడచెను, మల్లెలు పూచెను, ఫలితములు తేలెను. వట్టి నేయి దండిగాఁ దిన్న యెలుకలు మునుపటి వనస్పతి యెలుకలకుఁ దమ్ములో యనునట్లు బలిసెను. మునగాకు నేయి తిన్నవి కొంత తేలికగా నుండెను. మితముగాఁ దిన్నవి మాత్రము ధాన్యము తిన్నవానితో సమానముగాఁ గంతులు వేయుచుండెను. ఎలుక మాట యెలుకది, మనుష్యుని మాట మనుష్యునిది యని యెఱిఁగిన హైమవతి యత్తగారిని వైద్యునొద్దకుఁ గొనిపోయెను. ఆయన నెత్తురు పరీక్షించి, యిన్నాళ్ల పథ్యమున గుణము కనఁబడుచున్నదని మెచ్చి, పూఁట కొక చిన్న చెంచెఁడు నేయి తినవచ్చు ననెను.

ఆ మధ్యాహ్నమున వేఁడి యన్నముపైఁ గందిపొడి వేసి హైమవతి స్వహస్తముతో మునగాకు నేయి వడ్డించెను. చెంచా యట్టె ఖాళీ యయ్యెను.

“ఇంతేనా?” అని యత్తగారు.

“ఇంతేనండి” అని కోడలు.

వీరరాఘవమ్మ కలిపి ముద్ద నోటఁ బెట్టుకొని కన్నులు మూసికొనెను. “చాల్లేవే. ఇది అరుగుతుంది” అనెను.

మితి దప్పని యాహారము దేహమునకును దాఁపఱికము లేని మాట మనస్సునకును హిత మని పెద్దలు చెప్పుదురు. ఆ పూఁట భోజనము ముగిసి కంచ మారిపోయినను, వీరరాఘవమ్మ నేతి పరిమళము వీడని కుడిచేతిని గడుగుకొనక చాలసేపు పీఁటపైనే కూర్చుండెను.