గేర్‌బాక్స్ పోయిందన్న మరిది

బడి పిల్లలు పదకొండు మందిని ఎక్కించుకుని మలేసియాలోని కమున్టింగ్ ఊరు దాటేసరికి సల్బియా వ్యాన్ మొరాయించింది. ఇంజను రొద పెడుతోంది గానీ బండి లాగడం లేదు. ఎదుట గేరు దీపం మిణుకుమిణుకుమంటోంది. పిల్లల్ని ఎలాగో బడి దగ్గర దించి, అట్నుంచి అటే మరిది జమ్రీ షెడ్డుకు పోనిచ్చింది.

రెండేళ్ళ కిందట భర్త పోయినప్పుడు ఆ వ్యాన్ తనకే కావాలని పట్టుబట్టి, తల్లి మందలిస్తే ఊరుకున్నవాడు జమ్రీ. ఆ సంగతి సల్బియా మరిచిపోలేదు. కానీ ఇంట్లో మెకానిక్కుండగా పరాయి షెడ్డుకు వెళితే అత్త ముఖం మాడ్చుకుంటుంది.

సాయంత్రానికి జమ్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"గేర్‌బాక్స్ పోయింది వదినా. లోపల ప్లేట్లన్నీ కాలిపోయాయి. కొత్తది వేయాలంటే ఎనిమిది వేల రింగిట్లు."

"బండే అంత చేయదు కదా."

"అదే నేనూ చెప్పేది. రెండు వేలిస్తాను, నాకొదిలెయ్. ఈ ముసలి బండితో నీకెందుకీ తిప్పలు?"

ఆలోచించుకుంటానని చెప్పి, బండిని నత్తనడకన ఇంటికి తెచ్చుకుంది. మూడు రోజుల్లో ముగ్గురు తల్లులు వేరే వ్యాన్ మాట్లాడుకున్నామని ఫోన్ చేశారు. నాలుగో రోజు, ఒక పిల్లవాడి తాత చెబితే, పాత మార్కెట్ వెనక లియూ అనే ముసలాయన దగ్గరకు వెళ్ళింది. ఆటోమేటిక్ గేరు బండ్లు తప్ప మరొకటి ముట్టడట ఆయన.

లియూ ముందు ప్రశ్నలే వేశాడు. చల్లగా ఉన్నప్పుడు మొదలైందా, వేడెక్కాకా? రివర్సు పడుతోందా? తరవాత గేరు ఆయిల్ కొలిచే పుల్ల తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

"మాడు కంపు ఉందా?"

"లేదు అంకుల్."

"ఎర్రగానే ఉంది చూడు. ప్లేట్లు కాలితే నల్లకాఫీలా ఉండేది. కాలాయని ఎవరన్నారు?"

"మా మరిది. మెకానిక్కే."

లియూ మీటరు తగిలించి చూసి, బండి కిందికి దూరాడు. చాలాసేపటికి బయటికొచ్చాడు.

"గేర్‌బాక్స్ బాగానే ఉంది. దానికెళ్ళే వైరు ఒకటి ఒరుసుకుని తెగింది. కరెంటు అందక బండి ఒకే గేరులో ఉండిపోతోంది." కాస్త తటపటాయించి ఫోన్లో ఫొటో చూపించాడు. "నాకంటే ముందే ఎవరో దీన్ని కనిపెట్టారమ్మా."

తెగిన చోట పక్కనే కొత్త పసుపు పెయింటు చుక్క ఉంది. బాగుచేయాల్సిన ప్రతిచోటా జమ్రీ అలాంటి చుక్కే పెడతాడు.

వైరు అతికించి, ఆయిల్ మార్చి, లియూ నూట ఎనభై రింగిట్లు తీసుకున్నాడు. బండి మళ్ళీ మెత్తగా పరుగెత్తింది. ఆమె నేరుగా జమ్రీ షెడ్డు ముందు ఆపింది.

"చుక్క పెట్టింది నువ్వే కదా?"

జమ్రీ తలెత్తలేదు. "అన్న బండి అది. నేను డ్రైవింగ్ నేర్చుకుంది కూడా దాని మీదే."

"అందుకని నా పిల్లల నోటి దగ్గర కూడు లాక్కుంటావా?"

అతను స్పానర్ల డబ్బాలో ఏదో వెతుకుతున్నట్టు వంగిపోయాడు.

ఇంటికొచ్చి జరిగిందంతా అత్తకు చెప్పింది. అత్త అన్నం వడ్డిస్తూనే వింది.

"బయట అనకు. షెడ్డు పేరు పోతే వాడెలా బతుకుతాడు?"

"మరి నేనెలా బతకాలి అత్తయ్యా?"

"రేపు నువ్వెటు వెళ్ళినా, వాడికిస్తే బండి మనింట్లోనే ఉంటుంది కదా అనుకున్నాను."

సల్బియా చేతిలో ముద్ద ఆగిపోయింది. "మీకు ముందే తెలుసా?"

అత్త చేపల కూర గిన్నె ఆమె ముందుకు జరిపింది. సల్బియా లేచి చేయి కడుక్కుంది.

మర్నాడు వ్యాన్లో ఎనిమిది మందే పిల్లలున్నారు. గురువారం అత్తను ఎప్పటిలాగే ఆసుపత్రికి ఆమే తీసుకెళ్ళింది. ఎప్పుడూ ముందు కూర్చునే అత్త ఆ రోజు వెనక సీట్లో కూర్చుంది.