పాషాణం స్ఫటికమైన వేళ

గాజు ఊదడం అతని పని. ల్యాబులో అందరూ అతన్ని బుడగ అనే పిలిచేవారు. అతని వదిన అక్కడే పరిశోధకురాలు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే బస్సు. అయినా పదహారు రోజులుగా వాళ్ల మధ్య మాటల్లేవు.

కారణం ఒక గొట్టం. గాలియం అనే లోహాన్నీ, ఆర్సెనిక్‌నీ, అంటే మన పాషాణాన్నీ కలిపి వదిన గాలియం ఆర్సెనైడ్ స్ఫటికం పెంచాలనుకుంది. గాలియం అరచేతి వెచ్చదనానికే వెన్నలా కరుగుతుంది. పాషాణం కరగదు, వేడికి నేరుగా ఆవిరైపోతుంది. క్వార్ట్జ్ గాజు గొట్టంలో చెరో కొసన అవి పెట్టి, గాలి లాగేశాక, బుడగ మంటతో మూసి ఇచ్చాడు. రెండో రోజే ఫర్నేసులో అది పేలింది. పొగంతా వడపోతలోకి పోయింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ల్యాబు నడిపే పెద్దసారు అడిగితే, మూత సరిగ్గా పడలేదేమోనని వదిన అనేసింది.

ఆ మాట మరిది చెవిన పడింది. ఇంట్లో తలొంచుకుని తిని లేచిపోయేవాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు అన్నయ్య నోరు మెదపలేదు.

ఒక మధ్యాహ్నం వదిన ఆనాటి వేడి నమోదైన కాగితం విప్పింది. పాషాణం కొస ఆరువందల పది డిగ్రీల దగ్గర ఆగాలి. గీత ఏడువందలు దాటి పోయింది. ఆవిరి ఉబ్బక ఏంచేస్తుంది? ఆ మీట తిప్పింది తనే. కిటికీలోంచి పడిన ఎండ బల్ల మీంచి నేల మీదకి జారేదాకా ఆమె కదల్లేదు. తర్వాత పెద్దసారు గదికి, అక్కణ్ణుంచి మరిది దగ్గరికి వెళ్లింది.

అతని చేతుల్లో గాజు తేనెలా సాగుతోంది. మంట ఆర్పేదాకా ఆగి చెప్పింది.

"మూత బాగానే ఉంది. వేడి నేనే ఎక్కువ పెట్టాను. పెద్దసారుకి చెప్పే వచ్చాను."

అతను నల్లకళ్లద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు.

"నా చెయ్యి వణుకుతోందేమోనని ఇన్నాళ్లూ చూసుకుంటున్నాను, వదినా."

అతనే లేచి కొత్త గొట్టం అందుకున్నాడు.

ఈసారి వేడిని మెట్టుమెట్టుగా ఎక్కించారు. ఒక కొసన నారింజరంగులో కాగే గాలియం మడుగు, మరో కొసనుంచి దాన్ని వెతుక్కుంటూ వచ్చే కంటికానని ఆవిరి. అవి కలిశాక, గంటకు రెండు డిగ్రీల చొప్పున చల్లార్చడం. భోజనమయ్యాక మరిది వచ్చి ఫర్నేసు దగ్గర వదిన పక్కన కూర్చునేవాడు. ఫర్నేసుకున్న చిన్న అద్దపు కిటికీలోంచి చూస్తే, గట్టిపడిన భాగానికి అంచుగా సన్నని గీత ఒకటి మడుగు మీద నిద్దట్లో నడుస్తున్నట్టు కదిలేది. ఆ వెచ్చదనంలో ఎవరు ముందు కునుకు తీసేవారో వాళ్లకే తెలీదు.

చల్లారాక గొట్టం కోసే పని అతనిదే అంది వదిన.

"మూసిందీ నేనే, కోసేదీ నేనేనా?" అని గొణుగుతూనే కోశాడు. లోపల స్ఫటికం, వేలంత పొడవు, నీలిబూడిదరంగు. కొస దగ్గర చిన్న ముక్క విరిస్తే, విరిగినచోట నున్నగా అద్దంలా మెరిసింది.

ఇది దేనికి పనికొస్తుందని అడిగాడు. సరిగ్గా మలిచి కరెంటు పంపితే వెలుగిస్తుందనీ, ఆ వెలుగు మన కంటికి కనబడదనీ చెప్పింది.

"కనబడని వెలుగుకా ఇంత తంటా!"

సాయంత్రం బస్సులో ఆ ముచ్చటే చెప్పుకుంటూ దిగాల్సిన చోటు దాటిపోయారు. ఇద్దరూ వెనక్కి మెల్లగా నడిచారు.