వాంతికి లేడీ టీచరు

"రేపు పిల్లలకి వివక్ష చెప్పాలండీ," అన్నాను గిన్నెలు తోముతూ.

"మళ్ళీ పరీక్షా? మొన్ననేగా పెట్టావు!" టీవీ ముందు నుంచి మా ఆయన.

"పరీక్ష కాదు, వివక్ష!"

"ఏ 'క్ష' అయితేనేం, కాస్త టీ పెట్టు."

ఆయనకి టీ, నాకు శిక్ష.

మర్నాడు ఎనిమిదో తరగతిలో గొంతు చించుకుంటున్నాను. ఆడవాళ్ళకి ఉద్యోగం లేదని బోర్డు పెడితే అది ప్రత్యక్ష వివక్ష. అందరికీ ఒకటే రూలు పెట్టి, దాని బరువు మాత్రం కొందరి మీదే పడితే అది పరోక్షం. పరోక్షానికి ఉదాహరణ చెప్పబోతుంటే గుమ్మంలో ఆయమ్మ. "మేడమ్, ఒకటో తరగతి పాప కక్కుకుంది. హెడ్మాస్టరు గారు మిమ్మల్ని రమ్మన్నారు."

ఒకటో తరగతి పక్క గదిలోనే సోషల్ మాస్టారు ఎనిమిదిలో ఇంకో సెక్షన్‌కి ఇదే పాఠం చెబుతున్నారు. ఆయన్ని దాటుకుని వెళ్ళి మూతి కడిగి, గౌను మార్చి, వాళ్ళమ్మ వచ్చేదాకా ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. తిరిగొచ్చేసరికి గంట కొట్టేశారు. వారంలో ఇది ఎన్నోసారో! ఒకరికి కడుపునొప్పి, ఇంకొకరికి లాగు తడి, నాకు పాఠం వాయిదా. వచ్చే ఏడు పదో తరగతి నాకిమ్మని అడిగితే హెడ్మాస్టరు గారు నవ్వారు. "మీరు బాగా చెబుతారు మేడమ్, కానీ సిలబస్సు నత్తనడక. ముందు పూర్తి చేసినవాళ్ళకే పదో తరగతి." నిజమే కాబోలనుకున్నాను. అత్తయ్యా అదే అంటుంది కదా, "నీకు పనిలో వేగం లేదమ్మా" అని.

మర్నాటి క్లాసులో ఓ పిల్ల లేచింది. "టీచర్, పక్క సెక్షన్‌కి పాఠాలన్నీ అయిపోయాయి. మాకు సగమే అయ్యాయి. పరీక్ష మాత్రం వాళ్ళతోపాటేనట. అన్యాయం కదూ?"

"అందరికీ ఒకటే రూలమ్మా," అనేశాను అలవాటుగా. అన్నాక నాలుక అక్కడే ఆగిపోయింది. నిన్న నేను చెప్పలేకపోయిన ఉదాహరణ ఇదేనా? కానీ ఆడవాళ్ళే వెళ్ళాలని ఎవరూ రాయలేదే! హెడ్మాస్టరు గారు మంచివారు. పాప తప్పేం లేదు. నేనూ నవ్వుతూనే వెళ్ళాను. మరి తప్పెవరిది? రోజంతా బుర్ర తిరిగిపోయింది.

సాయంత్రం స్టాఫ్ మీటింగులో పదో తరగతి సోషల్ మాస్టారికేనని హెడ్మాస్టరు గారు చెబుతుండగా లేచి నిలబడ్డాను. గొంతు మామూలుగానే పెద్దగా ఉంది.

"సార్, ఇక్కడ చిన్న పొరపాటు జరిగింది. నేను నెమ్మదనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. నేను నెమ్మది కాదు సార్, నన్ను పాఠం మధ్యలో లేపుతున్నారు. మాస్టార్ని ఎవరూ లేపరు. ఆ తర్వాత ఇద్దరికీ ఒకే గీత గీసి ఎవరు ముందని చూస్తున్నారు."

"పిల్లలంటే మీకు ప్రేమ కదా మేడమ్!" అన్నారు హెడ్మాస్టరు గారు.

"ప్రేమే సార్. అది అందరికీ పంచుదాం. ఇకనుంచి ఎవరి గది దగ్గరైతే వాళ్ళే వెళ్ళాలి. పదో తరగతి ఎవరికో ఆ తర్వాత తేల్చండి."

సోషల్ మాస్టారు తెల్లబోయారు. "అయ్యో, పిల్లలకి కడగడం, మార్చడం నాకు రాదండీ!"

"నాకూ పుట్టుకతో రాలేదు మాస్టారూ. పిలిచారు, వెళ్ళాను, వచ్చింది."