నైట్రో బండికి బంతిపూల దండ

మొగుడు రిమోట్ కారు కొందామంటే, పిల్లకు బొమ్మే కదా అని బయలుదేరింది సుమిత్ర. పటాన్‌చెరులో హైవే పక్కన మేడ మీది దుకాణం మెట్లు ఎక్కేదాకా ఆమె అదే మాట మీద ఉంది.

దుకాణాయన దుర్గాప్రసాద్ ఒక కారును మెట్లు దింపి వెనకవైపు ఖాళీ జాగాలోకి తెచ్చి, ఇంజనుకున్న తాడు లాగాడు. అంతే, జోరీగ చెవిలో దూరినట్టు ఒకటే మోత. తెల్లటి పొగ. రెప్ప వేసి తెరిచేలోగా ఆ జానెడు బగ్గీ కారు ప్రహరీగోడ దాకా ఉరికి, మట్టి ఎగజిమ్ముకుంటూ తిరిగొచ్చి ఆమె కాళ్ల ముందే ఆగింది. చంకలో ఉన్న ఐదేళ్ల నిషిత తల్లి మెడ కరుచుకుంది.

"ఓ యమ్మా! గిది బొమ్మనా?" సుమిత్ర ఒక అడుగు వెనక్కి వేసింది.

"బొమ్మ కాదమ్మా, నైట్రో బండి. చిన్నదేగానీ నూనెతో నడిచే నిజం ఇంజనే," అన్నాడు దుర్గాప్రసాద్. అతని తండ్రి ఫ్యాక్టరీ ఉద్యోగానికి గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. కొడుకు ఇక్కడే పుట్టినా యాస మాత్రం ఇంట్లోదే. "ఇంతకీ రేసులకా, సరదాకా?"

"సరదాకే అన్నా," అన్నాడు సుమిత్ర మొగుడు రాజశేఖర్. మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరు. "ఐతారం ఐతారం మా వెలిమెల ఊర్ల కొత్త ప్లాట్ల రోడ్లు ఖాళీగ ఉంటయి. ఆడ తిప్పుకుంట." మళ్లీ పైకి దుకాణంలోకి వచ్చాడో లేదో, అతని చెయ్యి పెద్ద ఇంజను బండి మీద పడింది.

"మొదటి బండికి అది వద్దండి. వేగం మీ చేతికి రాకముందే గోడకి కొడతారు. ఈ చిన్నింజనుది తీసుకోండి. బిగించే పనుండదు, పెట్టెలోంచి తీసి తాడు లాగడమే. ఏ ముక్క విరిగినా నా దగ్గర దొరుకుద్ది. మొదట్లో మాత్రం మెల్లగా నడపాలి, ఇంజను అలవాటు పడేదాకా. కొత్త కోడల్ని చూసుకున్నట్టు చూసుకోవాలి."

'మా ఇంట్ల కొత్త కోడలిని గట్ల జూసిన్రా ఎన్నడన్న' అనుకుంది సుమిత్ర. పైకి అనలేదు.

తొమ్మిదో తరగతిలోనే బడి మాన్పించారు ఆమెను. నలుగురిలో ఏదన్నా అడగాలంటే నాలుక మడత పడేది. కానీ బిడ్డ సంగతైతే భయమే నోరు తెరిపించేది. అరలో బ్యాటరీతో నడిచేది కూడా ఒకటుంది. ఆమె చూపు దాని మీదే ఉంది.

"అన్నా, దీంట్ల పోసే నూనెకు అగ్గి అంటుకుంటదా?"

రాజశేఖర్ పకపకా నవ్వాడు. "దీనికి దోమ కుట్టినా నూటెనిమిదికి ఫోన్ జేస్తది అన్నా. నువ్వు పట్టించుకోకు."

దుర్గాప్రసాద్ నవ్వలేదు. "మంచి మాటే అడిగావమ్మా. ఇందులో ఎక్కువ భాగం మెథనాల్, ఒకరకం స్పిరిట్టు. ఒలికినచోట నిప్పు తగిలితే అంటుకుంటుంది. ఎండలో ఆ మంట కంటికి కనపడదు."

"కనబడదా?"

"కనపడదు. వేడి తగిలితేనే తెలుస్తుంది. అందుకే పోసేటప్పుడు ఇంజను ఆపాలి, చుట్టుపక్కల నిప్పుండకూడదు."

"మా ప్లాంట్ల డ్రమ్ములకు డ్రమ్ములుంటది గది," అన్నాడు రాజశేఖర్. "గేటు కాడనే అగ్గిపెట్టె గుంజుకుంటరు. నాకు నేర్పుడేంది?"

"బ్యాటరీది తీసుకుందాం," అంది సుమిత్ర మెల్లగా.

"దానికి సప్పుడుండదు, వాసనుండదు. నీ లెక్కనే, పిరికిది." మాట విసిరేశాడు గానీ, పెద్దింజను పెట్టె పక్కకు పెట్టి చిన్నింజనుది చంకన పెట్టుకున్నాడు. పెండ్లాం మాటకు అంతమాత్రం తగ్గడమే గొప్ప అన్నట్టు చూశాడు.

ఇంటికొచ్చినా సుమిత్రకు మనసు నిలవలేదు. కనబడని మంట ఏం మంట? పాము కనబడితే కర్ర పట్టుకోవచ్చు. పొయ్యి కనబడితే పిల్లను దూరం జరపొచ్చు. కనబడని దాని నుంచి పిల్లను ఎటు లాగాలి?

ఆదివారం పొద్దున వాకిట్లో ఎండ ఫెళ్లున కాసింది. అత్త కౌసల్య బగ్గీకి పూజ చెయ్యాల్సిందే అని పట్టుబట్టింది. ఆ ఇంట్లోకి ట్రాక్టరు వచ్చినా, స్కూటీ వచ్చినా పూజ కానిదే చక్రం కదిలింది లేదు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మ గుడి కాడి కుంకుమ డబ్బాలో ఎప్పుడూ ఉంటుంది.

"జానెడు బండికి పూజ ఏందే అమ్మా!" అన్నాడు రాజశేఖర్.

"జానెడైతే ఏంది, ఇంజనుందా లేదా? ఉత్త టాంకీతోని అమ్మ ముందట పెట్టొద్దు కొడుకా. కడుపు నింపి పెట్టు. ఎన్నడు ఎండకుంట ఉంటది."

ఆ ఇంటి ఆనవాయితీ అది. ట్రాక్టరుకు డీజిల్ పట్టించాకే దండ వేసేవాళ్లు. సుమిత్ర నిమ్మకాయల కోసం లోపలికి పోయినప్పుడు, పీట మీద పరిచిన ఎర్ర రవికె గుడ్డ మీదే బండిని పెట్టి, రాజశేఖర్ సీసాతో టాంకీ నింపాడు. సగం టాంకీలో పడింది, సగం గుడ్డ మీద ఒలికింది. ఆరిపోతుందిలే అనుకున్నాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర అగ్గిపెట్టె ఇచ్చి లోపలికి పోయే మనిషి, ఇంటి వాకిట్లో తల్లి చేతిలోని కర్పూరాన్ని నిప్పు అనుకోలేదు. అది హారతి.

సుమిత్ర బయటికొచ్చేసరికి కౌసల్య హారతి తిప్పడం అయిపోయింది. పళ్లెం చక్రం పక్కనే పెట్టి కళ్లు మూసుకుని దండం పెడుతోంది. నిషిత పీట ముందు గొంతుకూర్చుని ఉంది.

"నానమ్మా, పూలు జూడు!"

బండి మెడలోని బంతిపూల రేకులు ముడుచుకుంటున్నాయి. మంట లేదు, పొగ కూడా లేదు. పచ్చటి పువ్వు గోధుమరంగుకు, ఆ తర్వాత నలుపుకు తిరుగుతోంది.

కౌసల్య కళ్లు తెరిచి చూసి, చెంపలు వేసుకుంది. "అమ్మ వచ్చిందిరా! నా తల్లి దండ అందుకుంటున్నది. మొక్కు బిడ్డా, మొక్కు!"

నిషిత రెండు చేతులు జోడించి ముందుకు వంగింది. బగ్గీ వెనకున్న గోడ నీళ్లల్లో నీడలా వణికినట్టు కనిపించింది సుమిత్రకు.

నిమ్మకాయలు ఎటు పోయాయో తెలియదు. పిల్లను జబ్బ పట్టి వెనక్కి గుంజింది. తాగునీళ్ల కుండకు చుట్టిన తడి గోనెపట్టా ఊడబీకి, బండి మీద, పీట మీద, పళ్లెం మీద కప్పేసింది. బుస్సుమని ఆవిరి లేచింది. బకెట్టెడు నీళ్లు తెచ్చి దాని మీద గుమ్మరించింది.

"ఏం పుట్టిందే నీకు! అమ్మ మీద నీళ్లు పోస్తవా?" కౌసల్య అరిచింది.

 సుమిత్ర నిషిత గౌను అంచు వేళ్లతో తడిమింది. లేసు గట్టిపడి, ముడతలు పడి, గోధుమరంగుకు తిరిగింది. పిల్ల ముంజేతి మీది నూగు చివర్లు మాడి వాసన వస్తోంది. చర్మం మాత్రం చెక్కుచెదరలేదు. ఆమె ఆ చెయ్యిని తిప్పి తిప్పి చూసింది, నమ్మకం కుదరక మళ్లీ చూసింది.

రాజశేఖర్ సీసా చేతిలో పట్టుకుని అట్లనే నిలబడి ఉన్నాడు. సీసా మూత ఇంకా తీసే ఉంది. అది చూసుకున్నాకే గడప మీద కూలబడ్డాడు.

"నాయినా, మంట యాడున్నది?" అడిగింది నిషిత. "నాకు కనబడలే."

 అతను మూత బిగించడానికి చూశాడు. మర పడలేదు. సుమిత్ర సీసా తీసుకుని బిగించి, దూరంగా నీడలో పెట్టొచ్చింది.

గోనెపట్టా ఎత్తితే బగ్గీ ముందు చక్రాల రబ్బరు కరిగి పీటకు అంటుకుని ఉంది.  కౌసల్య మనుమరాలిని ఒళ్లోకి లాక్కుని, కాలిన లేసును చూసీ చూడనట్టు కొంగుతో కప్పింది.

రాజశేఖర్ గడప మీంచే అన్నాడు. "దుకాణంల నువ్వడిగితే నేను నవ్విన."

"అవును," అంది సుమిత్ర.

"బండి వాపస్ ఇస్త. అసలు వద్దే వద్దు."

ఆమె కరిగిన చక్రం వైపు చూసింది.  

"వద్దనలే నేను. బ్యాటరీది తీసుకుందామన్న," అంది. "రేపు పోదాం. అడుగుడు నేనే అడుగుత. నువ్వు నవ్వకుంట నిలబడు."

"గట్లనే."

"దానికీ పూజ జేయాలె గద," కౌసల్య గొణిగింది, కోడలి మొహం చూడకుండా.

"చేద్దాం అత్తమ్మా," అంది సుమిత్ర. "కుంకుమ పెడదాం. కర్పూరం మాత్రం లోపల దేవుని గూట్లనే వెలిగిద్దాం."