పదకొండు సార్లు

ఆ నివేదికలో తన పేరు రాయమని తౌనో అడగడం అది మూడోసారి. ఆఫీసులో ఆ నివేదిక రాస్తున్న సాన్ని మూడోసారి కూడా తల అడ్డంగా ఊపింది.

"మన పద్ధతి నీకు తెలీదా తౌనో? తప్పు ఎలా జరిగిందో రాస్తాం, ఎవరు చేశారో రాయం. అసలీ పద్ధతి పెట్టించిందే నువ్వు."

అదీ నిజమే. పదిహేనేళ్ళ కిందట పైవాళ్ళతో పోట్లాడి మరీ పెట్టించాడు. తప్పు చేసినవాణ్ణి నలుగురిలో నిలబెట్టి కడిగేస్తే రేపట్నించి అందరూ తప్పులు దాచడం నేర్చుకుంటారని వాదించాడు. అప్పుడు నెత్తి మీద జుట్టూ ఉండేది, చేసే పని మీద నమ్మకమూ ఉండేది. ఇప్పుడు అరవై ఒకటి. ముప్ఫై మూడేళ్ళుగా ఉత్తరాది చలిదేశంలోని ఇదే ఔలు నగరంలో ప్రోగ్రాములు రాస్తున్నాడు, వచ్చే నెలాఖరుకి రిటైరవుతాడు. ఆ జుట్టూ లేదు, ఆ నమ్మకమూ లేదు.

కంపెనీ చేసేది ముసలివాళ్ళు చేతికి కట్టుకునే పట్టీలు. పట్టీ మీద మీట నొక్కితే నర్సుల కేంద్రంలో గంట మోగుతుంది. నర్సు వెంటనే ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసి, అంబులెన్సు పంపిస్తుంది. నాలుగేళ్ళ కిందట కొన్ని పట్టీల్లో మీటలు బిగుసుకుపోయి వాటంతటవే నొక్కుకోవడం మొదలెట్టాయి. నర్సులకి ఊపిరాడలేదు. ఆ రోజు గురువారం, మర్నాటి నుంచి నడివేసవి పండగ సెలవులు. కింద కార్లలో సామాన్లు సర్దేసి అందరూ గడియారం కేసి చూస్తున్నారు. తౌనో కూడా చెరువుగట్టు కుటీరానికి బయల్దేరాలి. గబగబా రెండు వరసలు రాశాడు: నిమిషంలో మూడుసార్లకి మించి నొక్కితే మీట బిగుసుకుపోయినట్టు లెక్క, దాన్ని నర్సుకి కాకుండా మరమ్మతుల జాబితాకి పంపు. పక్కనే ఇంకో మాట రాశాడు: తాత్కాలికం, సెలవుల తర్వాత సరిచెయ్యాలి.

సెలవులు అయిపోయాయి. మేనేజర్లు మారారు, ఆఫీసు మారింది, కంపెనీ పేరు కూడా మారింది. ఆ రెండు వరసలు మాత్రం మారలేదు.

ఈ సెప్టెంబరులో ఔలిస్ కిన్నునెన్ అనే ఎనభై రెండేళ్ళాయన ఇంట్లో ఆవిరిస్నానం గది గుమ్మంలో పడిపోయి, ఒక్క నిమిషంలో పదకొండుసార్లు మీట నొక్కాడు. నర్సుల దగ్గర గంట మోగలేదు, ఆయన బతకలేదు. నొప్పి ఎక్కువైన కొద్దీ మనిషి ఎక్కువసార్లు నొక్కుతాడన్న ఆలోచన ఆ గురువారం నాడు తౌనో బుర్రకి తట్టనే లేదు.

ఆయన భార్యకి కంపెనీ వాళ్ళు ఉత్తరం రాశారు. "ఆ రోజు మీ ఇంటి నుంచి నర్సుల కేంద్రానికి ఏ పిలుపూ అందలేదు." అక్షరం అక్షరం నిజమే. అంత శ్రద్ధగా ఆడిన అబద్ధం తౌనో జన్మలో చూడలేదు.

"నేను నీ పేరు రాసినా పైవాళ్ళు కొట్టేస్తారు. లాయర్లు చదివేదాకా కూడా ఆగరు," అంది సాన్ని. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి.

"మన గొప్ప చెప్తా విను. బాగా నడిస్తే గోడ మీద మన ఫొటోలు. మనిషి పోతే 'వ్యవస్థలో లోపం'. ప్రపంచాన్ని మార్చేస్తాం అని మొదలెట్టినవన్నీ ఏడాది తిరక్కుండా మూసేశాం. తాత్కాలికం అని రాసిందొక్కటే మన దగ్గర శాశ్వతంగా ఉంది."

"ఆ కిన్నునెన్ భార్య దగ్గరికి మాత్రం వెళ్ళకు తౌనో. ఉద్యోగం మాట అటుంచు, కోర్టుకి లాగుతారు."

"లాగనీ. అక్కడైనా పేరు అడుగుతారు."

మర్నాడు శనివారం. తొంభై కిలోమీటర్లు కారు నడుపుకుంటూ పుదాస్‌యార్వి ఊరు దాటి ఆ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నమైంది. హెల్వి కిన్నునెన్ తలుపు తీసి, కంపెనీ నుంచి వచ్చానంటే పైనుంచి కింద దాకా ఒకసారి చూసింది.

"పట్టీ కోసమా? గడియారం కింద మేకుకి తగిలించా. బూట్లు విప్పి లోపలికి రా. కాఫీ ఉంది."

"అమ్మా, మీరు శ్రమపడకండి..."

"మీరేంటి, నేనేమన్నా పాస్టరమ్మనా? కూర్చో."

కాఫీ పోసి, యాలకుల బన్ను ముందుకి తోసింది. అతను అడక్కుండానే తిట్టడం మొదలెట్టింది, చచ్చిపోయిన మొగుణ్ణి.

"మొండిఘటం. చేతికి పట్టీ ఉంది, వేలు ఉంది, నొక్కడానికేం? నేనెక్కడో లేను, అరకిలోమీటరు అవతల అడవిలో పళ్ళు ఏరుతున్నా. జేబులో ఫోనుంది. నర్సు ఒక్కసారి ఫోన్ చేస్తే పరిగెత్తుకొచ్చేదాన్ని. నొక్కలేదు! యాభై ఏడేళ్ళ కాపురంలో ఒక్కనాడు సాయం చెయ్యమని నోరు తెరిచి అడగలేదు, పోయేటప్పుడూ అడగలేదు. వారానికి రెండుసార్లు సమాధి దగ్గరికెళ్ళి తిట్టి వస్తున్నా. కోపం ఉన్నంతసేపూ ఏడుపు రాదు, తెలుసా?"

తౌనో మేకుకి వేలాడుతున్న పట్టీ కేసి చూశాడు. ఇప్పుడు కాఫీ తాగేసి, పట్టీ తీసుకుని వెళ్ళిపోవచ్చు. ఆ దేశంలో మాట్లాడకుండా లేచి వెళ్ళినవాణ్ణి ఎవరూ తప్పుపట్టరు. ఈవిడకి మిగిలింది ఈ కోపం ఒక్కటే, దాన్నీ లాక్కోవడం అవసరమా అనిపించింది. కానీ ఆ కోపం పడుతున్నది ఏ పాపమూ ఎరగని మనిషి మీద.

"ఆయన నొక్కాడమ్మా."

హెల్వి చేతిలో కాఫీ కూజా అలాగే ఆగిపోయింది.

"ఉత్తరంలో..."

"పిలుపు నర్సుకి అందలేదు. ఆయన నొక్కాడు. ఎక్కువసార్లు నొక్కితే మీట పాడైందనుకునేలా ప్రోగ్రాము రాసి ఉంది. అది రాసింది నేను. సరిచేస్తానని చెయ్యలేదు."

"ఎన్నిసార్లు?"

"పదకొండు."

ఆవిడ కూజా బల్ల మీద పెట్టి, పెదాలు కదుపుతూ లెక్క పెట్టుకుంది. పదకొండు దాకా లెక్కపెట్టడానికి చాలాసేపు పట్టింది. తర్వాత ఏడుపు వచ్చింది. తౌనో లేవలేదు, ఓదార్చలేదు. ఆ హక్కు తనకి లేదని తెలుసు.

చాలాసేపటికి ఆవిడ సొరుగులోంచి ఆ ఉత్తరం తీసి వెనక్కి తిప్పింది.

"నీ పేరు?"

"తౌనో హిర్వెలా."

పెన్సిలుతో నెమ్మదిగా రాసుకుంది. ఆఫీసులో మూడుసార్లు అడిగినా దొరకనిది ఇక్కడ ఒక్క మాటలో దొరికింది. తేలికపడతాననుకున్నాడు. పడలేదు.

"కారుందిగా. నన్ను స్మశానం దాకా దించు," అంది కోటు తొడుక్కుంటూ. "నెల్రోజులు తిట్టాను ఆయన్ని."

స్మశానం చేరారు. గేటు దగ్గర ఆమె దిగుతుంటే తౌనో కూడా తలుపు తియ్యబోయాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు రాకు. ఆయన నన్ను పిలిస్తే ఒకసారి అడ్డొచ్చావు, చాలు."

తౌనో తలుపు వేసేసి కార్లోనే కూర్చున్నాడు.