చెయ్యెత్తిన చోటు

జోగులుకు డెబ్బై రెండేళ్లు. అతని మొండితనానికీ ఇంచుమించు అంతే వయసని షాదీపూర్‌లో ఏ జాలరినడిగినా చెబుతారు. ఎదుటి దీవి మీది కొండ కొనను, లైట్‌హౌసును ఒక వరసలోకి తెచ్చుకుంటే చాలు, చేపలుండే రాతిగుట్ట నీళ్లకింద ఎక్కడుందో అతనికి తెలిసిపోతుంది. తండ్రి నేర్పిన గురుతది. ఫోన్లో దారి చూసుకునే ఖర్మ నాకేమిటి, అది పడవెక్కితే నేను దిగిపోతాను అని కొడుకు శ్రీను నోరు ఎన్నిసార్లు మూయించాడో!

వత్తాసు పలకడానికి బావ యర్రయ్య ఉండనే ఉన్నాడు. అదే ఈడు, ముప్పై ఏళ్లుగా అదే పడవలో ఇంజను పట్టి నడిపే మనిషి. "ఈ వయసులో కొత్తవి బుర్రకెక్కుతాయేటి?" అనేవాడు. జోగులుకు ఆ మాటే పెద్ద అండ.

మొన్న యర్రయ్యకు జ్వరమొచ్చి, ఇంజను దగ్గర శ్రీను కూర్చున్నాడు. ఇవాళ గుట్ట దొరక్కపోతే రేపటి నుంచి పడవ నీదేనని జోగులు పందెం కాసి, ముందు నిలబడి, ఇక్కడే లంగరెయ్యమని చెయ్యెత్తాడు. లంగరుకు బురద తగిలింది. ఇంకోచోట చెయ్యెత్తాడు. అక్కడా బురదే. మధ్యాహ్నం దాకా గాలించినా గేలానికి ఒక్క చేప పడలేదు. చెప్పిన చోటికల్లా శ్రీను పడవ తిప్పుతుంటే జోగులుకు ఇంకా ఒళ్లు మండింది.

ఒడ్డుకు రాగానే నేరుగా యర్రయ్య ఇంటికి వెళ్లాడు. శ్రీనుకు ఇంజను పట్టడం చేతకాలేదని నువ్వే చెప్పమన్నాడు. యర్రయ్య దుప్పటి తోసేసి లేచి, తలగడ కింది ఫోను బయటికి తీశాడు.

"గుంటడి తప్పు నేదు బావా. నీకు కొండ కనపడక మూడేళ్లయింది. ఇది సూసి నానే తెస్తన్నాను. గుట్ట మీదకొచ్చీసరికి ఇంజను తగ్గించీవోణ్ణి. అప్పుడు నువ్వు సెయ్యెత్తీవోడివి."

కొండ మసకబారితే ఎండ వల్లనేమో అని జోగులు సరిపెట్టుకున్నాడు గానీ, పడవ నెమ్మదించినప్పుడల్లా చెయ్యెత్తుతున్నానని అతనికే తెలియదు. మూడేళ్లు ఎంత ఠీవిగా నిలబడ్డాడు! సిగ్గుతో చచ్చిపోయాడు.

"బుర్రకెక్కదన్నావు గదా?"

తన మనవరాలు లహరి నేర్పిందన్నాడు యర్రయ్య. "నెల్లాళ్లు పట్టింది, బస్, అంతే."

"మరి నాకెందుకు సెప్పనేదు?"

యర్రయ్య ఫోను మళ్లీ తలగడ కిందికి తోశాడు. "నీకు ఎక్కదనుకున్నాను."

కళ్లు పోయాయన్నప్పుడు కూడా జోగులుకు ఇంత మంట పుట్టలేదు.

"మొండోణ్ణని ఊరంతా అంది, పడ్డాను. సేతగానోణ్ణని నువ్వొక్కడివే అనుకున్నావు" అని, చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు.