వెనక్కి చూసిన గద్దలు

మా అక్క వోనెటా కల్నల్ అయిన రోజున సైన్యానికి పెద్ద ఉపద్రవమేమీ రాలేదు, మా అమ్మ రావడం తప్ప.

మా అమ్మ ఎర్లీన్ గాడ్స్‌డెన్ అంటే మా ఊరు మేకన్‌లో తెలియని వాళ్ళు లేరు. మా చర్చిలో జనాన్ని వరసల్లో కూర్చోబెట్టే అషర్లకి ముప్ఫయ్యేళ్ళుగా పెద్ద ఆవిడే. తెల్ల చేతితొడుగులు వేసుకుని, నోరు విప్పకుండా, చేతి సైగలతోనే నాలుగొందల మందిని కూర్చోబెడుతుంది, లేపుతుంది, నోట్లోని చూయింగ్ గమ్ ఉమ్మిస్తుంది. అరచెయ్యి ఎత్తితే ఆగాలి, కిందికి దించితే కూర్చోవాలి. పాస్టరుగారికి కూడా మినహాయింపు లేదు.

అక్క సైన్యంలో చేరతానన్న రోజున కూడా అమ్మ అరచెయ్యి ఎత్తింది. అక్క ఆగలేదు. అంతే, ఇరవై రెండేళ్ళు అమ్మ ఆ పంతం వదల్లేదు. పై హోదా వచ్చినప్పుడు భుజం మీద కొత్త గుర్తు ఇంట్లోవాళ్ళు పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఇంతకుముందు అయిదుసార్లూ నేనే పోయి పెట్టాను. అమ్మకి ప్రతిసారీ సరిగ్గా ఆ రోజే మోకాళ్ళ నొప్పి వచ్చేది.

ఈసారి మాత్రం, "నేను పెడతా," అంది. డెబ్బై ఎనిమిదేళ్ళు వచ్చాయి, దీని తరవాత ఇంకో అవకాశం ఉంటుందో లేదోనని భయం పట్టుకుంది. కల్నల్ గుర్తంటే భుజానికొకటి చొప్పున రెండు వెండి గద్దలు, పిన్నుతో గుచ్చాలి. మూడు వారాలు నా భుజాల మీదే సాధన. నా భుజాలు జల్లెడయ్యాయి.

"కదలకే," అనేది.

"అమ్మా, నేను మనిషిని. గుండుసూదుల దిండుని కాను."

"దిండయితే నోరు మూసుకుని ఉండేది."

వేడుక రోజు అమ్మ తెల్ల చేతితొడుగులు వేసుకుని, ఊదారంగు టోపీ పెట్టుకొచ్చింది. దాని కింద ఇద్దరు హాయిగా వానకి నిలబడొచ్చు. కళ్ళద్దాలు పెడితే టోపీ అందం పోతుందని వాటిని సంచీలోనే ఉంచింది. వేదికెక్కి అక్క దగ్గరికి వెళ్ళగానే టోపీ అంచు అక్క ముక్కుకి తగిలింది. అక్క శత్రువు ఎదుట నిలబడ్డట్టు రెప్ప వెయ్యకుండా నిలబడింది.

పిన్ను దిగడం లేదు. వేడుక నడిపిస్తున్న జనరల్ బాస్కిన్‌గారు గడియారం చూసుకుని, "అమ్మగారూ, నేను కాస్త సాయం..." అంటూ ముందుకొచ్చారు.

అమ్మ తిరిగి చూడకుండానే అరచెయ్యి ఎత్తింది. జనరల్ ఆగిపోయారు. చెయ్యి దించింది. ఆయన కూర్చున్నారు. ఆయన అలబామాలో చర్చికెళ్ళి పెరిగినవారు, కాళ్ళు వాటంతటవే ముడుచుకున్నాయి. ఆయన్ని చూసి బ్యాండువాళ్ళు కూడా కూర్చున్నారు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, లోపల్లోపల గర్వంగానూ ఉంది.

చివరికి పిన్నులు దిగాయి. జనం చప్పట్లు కొట్టబోతుంటే జనరల్‌గారు కూర్చున్నచోటు నుంచే మెల్లిగా అన్నారు.

"అమ్మగారూ, ఏమీ అనుకోకండి. గద్దలు ముందుకి చూడాలి. ఇవి వెనక్కి చూస్తున్నాయి."

అమ్మ కుడి భుజానిది ఎడమకీ, ఎడమది కుడికీ పెట్టేసింది. రెండు వెండి గద్దలూ యుద్ధం వదిలేసి ఇంటిదారి వెతుక్కుంటున్నట్టున్నాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

అమ్మ ముఖం పాలిపోయింది. "ఇన్నేళ్ళకి వచ్చి ఇది కూడా చెడగొట్టాను కదే," అంది. అమ్మ తన తప్పు ఒప్పుకోవడం నా జన్మలో వినలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

అక్క మెడ తిప్పకుండానే చెప్పింది. "ఉండనీ అమ్మా. అయిదుసార్లూ నువ్వొచ్చావేమోనని నేనే వెనక్కి తిరిగి తిరిగి చూశాను. ఈసారి నా బదులు అవి చూస్తాయి."

అమ్మ చేతితొడుగులు ఊడదీసింది. టోపీ తీసి జనరల్‌గారి ఒళ్ళో పెట్టింది. సంచీలోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుంది. ఒక్కో గద్దనీ విప్పి, మార్చి, ముందుకి చూసేలా పెట్టి, వేలితో నొక్కి చూసుకుంది.

"ఇంకెందుకే వెనక్కి చూడ్డం," అంది. "వచ్చానుగా."